ఏడు 'లేదు'లు

పోయిన సంచికలో కవితలు ఎక్కువైపోయాయి, ఈసారి ఎవరైనా మామూలుగా జరిగిన సంగతి ఒకటి రాసివ్వండని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. నాకు కవిత్వం రాదు. జరిగిన సంగతి మాత్రం ఒకటి ఉంది. దాన్ని ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అందులో నా తప్పు ఉంది, అందుకని.

నేను మెకానికల్ మూడో సంవత్సరం. రెండో సంవత్సరం పరీక్షలయ్యాక వచ్చిన సెలవుల నుంచి రాజమండ్రిలో ఒక చిన్న జిమ్‌లో సాయంత్రాలు పని చేస్తున్నాను. కింద మందుల షాపు, మధ్య అంతస్తులో ట్యూషన్ సెంటర్, పైన మా జిమ్. నెలకి నాలుగు వేలు ఇస్తారు, నా కసరత్తు ఉచితం. టీషర్టు వెనకాల 'ట్రైనర్' అని పెద్దక్షరాలతో ఉంటుంది. నిజానికి అప్పటికి నాకు తెలిసిన ఒళ్ళు నాది ఒక్కటే. ఇరవై ఏళ్ళ ఒళ్ళు. ఎంత బరువు పెట్టినా మర్నాటికి సర్దుకునే ఒళ్ళు.

అమ్మకి ఈ పని మొదట్నించీ ఇష్టం లేదు. 2021 అక్టోబరులో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే చనిపోయినప్పుడు టీవీల్లో రోజంతా అదే చూపించారు కదా. అప్పట్నుంచి జిమ్ అంటే చాలు, అమ్మకి గుండె దడ. "నీ సంగతి సరే, నీ చేతుల్లో ఇంకెవరికన్నా ఏదైనా అయితే?" అనేది. నేను నవ్వేసేవాణ్ణి.

మా జిమ్‌లో కొత్తవాళ్ళు చేరే పద్ధతి చెప్తాను. కౌంటర్ దగ్గర నిలబడతారు. పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు, బరువు రాస్తాం. డబ్బులు తీసుకుంటాం. ఆ తర్వాత ఇంగ్లీషులో ఉన్న ఒక జిరాక్సు కాగితం ఇస్తాం. అందులో ఏడు ప్రశ్నలు, ఒక్కో దానికీ రెండు గళ్ళు, ఒకటి 'అవును', ఒకటి 'లేదు'. కింద సంతకం. చాలామంది చదవరు. "ఎక్కడ పెట్టాలి?" అని సంతకం పెట్టేస్తారు. గళ్ళు నేనే నింపేవాణ్ణి. ఏడింటికీ 'లేదు'. నిమిషం పట్టేది కాదు.

కిందటి శ్రావణమాసంలో ఒక సాయంత్రం ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మనిషి లావు, పొట్ట ముందుకి, నడిస్తే మోకాళ్ళ దగ్గర కొంచెం ఊగుతారు. లోపలికి రాగానే తలుపు దగ్గరే గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఏదో చూస్తున్నారనుకున్నాను.

"అబ్బాయ్, మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. పీటల మీద బాసింపట్టు వేసుక్కూర్చోవాలి. ఇప్పుడు కూర్చుంటే లేవలేకపోతున్నాను. ఆర్నెల్లు టైముంది. చేస్తావా?" అన్నారు.

"ఎందుకు చెయ్యమండీ, తప్పకుండా చేద్దాం బాబాయ్ గారూ," అన్నాను.

"బీపీ, షుగరు ఏమన్నా ఉన్నాయా?" అని కౌంటర్ అవతల్నుంచి అడిగాను. వెనకాల నలుగురు కుర్రాళ్ళు డంబెల్స్ పట్టుకుని వింటున్నారు.

"అబ్బే, ఏం లేవు. నేను ఫిట్టే."

ఏడు 'లేదు'లు. సంతకం.

మర్నాడే మొదలుపెట్టాం. మోకాళ్ళంటే తొడలు గట్టిపడాలి, తొడలంటే లెగ్ ప్రెస్. నా బుర్రకి అంతవరకే తెలుసు. రెండు నిమిషాలు సైకిల్ తొక్కించి యంత్రం మీద కూర్చోబెట్టాను. ఆయనకి పంతం ఎక్కువ. పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి తోశారు. మొహం ఎర్రబడింది. "శభాష్ బాబాయ్ గారూ, ఇంకో రెండు," అన్నాను. ఇంకో రెండు చేశారు. తర్వాత గబుక్కున లేచి నిలబడ్డారు.

నిలబడ్డ మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయారు. నేను పట్టుకోబోయాను గానీ ఆయన బరువు ఆపలేక ఇద్దరం కలిసి మ్యాట్ మీద కూలబడ్డాం. చెమటలు. చెయ్యి చల్లగా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నారు గానీ ఎటో చూస్తున్నారు.

ఇంట్లోవాళ్ళకి చెప్పాలని పుస్తకం తీసి ఆయన పేరు ఎదురుగా ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఆయన జేబులోనే మోగింది.

ఆ శబ్దం నాకు ఇప్పటికీ వినపడుతూ ఉంటుంది. మనిషి నా ముందు పడి ఉన్నాడు, నా దగ్గరున్నది ఆయన నంబరే. ఆయనకి ఏమన్నా అయితే ఎవరికి చెప్పాలన్నది నేను అడగనే లేదు.

కింద మందుల షాపాయన బీపీ మిషను పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. 98/60. ఆయన మొహం చూడగానే, "అయ్యో, ఈయనా! ప్రతి నెలా నా దగ్గరే బీపీ మాత్రలు తీసుకుంటారు కదా," అన్నారు.

రెండంతస్తుల కింద ఉన్న మనిషికి తెలుసు. ఆయన చేత బరువు తోయించిన నాకు తెలీదు.

కాళ్ళు ఎత్తిపెట్టి పడుకోబెట్టాం. పది నిమిషాల్లో రంగు తిరిగింది. "ఏం లేదబ్బాయ్, గ్యాసు," అన్నారు. నేను వినలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు. డాక్టరుగారు నన్నే చూస్తూ విడమరిచి చెప్పారు. ఊపిరి బిగబట్టి బరువు తోస్తే రక్తపోటు ఒక్కసారిగా పైకి పోతుంది, వదిలేసి టక్కున లేచి నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి కిందికి పడిపోతుంది. దానికి తోడు ఈయన వాడేది బీటా బ్లాకర్ అనే రకం మాత్ర, గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతుంది, కాబట్టి పడిపోయిన రక్తపోటుని అందుకోవడానికి గుండె తొందరగా పరుగెత్తలేదు. "ఛాతీలో నొప్పేమన్నా వస్తోందా?" అని ఆయన్ని కూడా అడిగారు.

"లేదండి," అన్నారు బాబాయ్ గారు.

జిమ్‌కి తిరిగొస్తే మా ఓనరన్న మొదట అడిగింది, "ఫారం మీద సంతకం ఉందా?" అని. ఉందన్నాను. "అయితే మనకేం కాదులే." ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. కానీ ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. ఆ గళ్ళు నింపింది ఆయన కాదు, నేను. ఆ కాగితాన్ని నేను వాడింది ఆయన కోసం కాదు, మా కోసం.

ఆ రాత్రే ఆ కాగితం ఏంటో మొదటిసారి సరిగ్గా చదివాను. దాని పేరు పార్-క్యూ. 1970లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పుట్టింది. 15 నుంచి 69 ఏళ్ళ మధ్యవాళ్ళు కసరత్తు మొదలుపెట్టే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు అవి. నువ్వు పనికొస్తావా పనికిరావా అని తేల్చడం దాని ఉద్దేశం కాదు. ఎవరు ముందుగా డాక్టరుకి చూపించుకోవాలో జల్లెడ పట్టడం, అంతే. మిగతావాళ్ళని అనవసరంగా భయపెట్టకుండా మొదలుపెట్టించడం కూడా దాని పనే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ళయితే 2015లో తమ పద్ధతిని ఇంకా సులువు చేశారు. ఇప్పుడు కసరత్తు చేస్తున్నావా? గుండె, షుగరు, కిడ్నీ జబ్బులు గానీ, వాటి లక్షణాలు గానీ ఉన్నాయా? ఎంత గట్టిగా చెయ్యాలనుకుంటున్నావు? ఈ మూడింటిని బట్టే నిర్ణయం.

కాగితం మంచిదే. మరి ఎక్కడ తప్పింది? చేతిలో పెన్ను పట్టుకుని ఆ ఏడు ప్రశ్నలకీ నా జవాబులు నేను రాసుకుందామని కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. నాకు ఆస్తమా ఉంది. ఇంటర్‌లో మొదలైంది. నీలం రంగు ఇన్‌హేలరు ఒకటి ఎప్పుడూ బ్యాగులో సాక్సులో చుట్టి ఉంటుంది. మన కాలేజీలో చేరినప్పుడు ఇచ్చిన ఆరోగ్యం ఫారంలో "దీర్ఘకాలిక సమస్యలు ఏమైనా?" అన్న చోట 'లేదు' అని రాశాను. కబడ్డీ టీములోకి తీసుకోరేమోనని. రూమ్మేట్లకి కూడా తెలీదు. చలికాలంలో దగ్గొస్తే బాత్రూములోకి వెళ్ళి పీల్చుకుని వస్తాను. అబద్ధం ఎందుకు రాస్తారో నాకు తెలియకపోవడమేమిటి? 'అవును' అంటే తలుపు మూసేస్తారని భయం. అంతకంటే ఏముంది?

పది రోజుల తర్వాత బాబాయ్ గారు మళ్ళీ వచ్చారు, డాక్టరు చీటీతో. తేలికపాటి వ్యాయామం చేయొచ్చని రాసుంది. ఈసారి కౌంటర్ దగ్గర నిలబెట్టలేదు. మేడ మీదికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు పట్టుకెళ్ళాను. ఎదురెదురుగా వేస్తే ఇంటర్వ్యూలా ఉంటుందని పక్కపక్కన వేశాను. దూరంగా గోదావరి మీద రైలు వంతెన కనపడుతుంది. ఫోన్ ఆపేశాను. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మీరు ఏ రూటు తిప్పేవారు బాబాయ్ గారూ?" అన్నాను.

అంతే. అరగంట ఆయనే మాట్లాడారు. బెజవాడ సర్వీసు, అంతకుముందు రాత్రి పూట హైదరాబాదు. పొగమంచులో లారీ వెనక లైటు పట్టుకుని నడపడం. పుష్కరాలప్పుడు మూడు రోజులు సీట్లోనే కునుకు తియ్యడం. ఒక ఆడమనిషికి బస్సులోనే నొప్పులొస్తే హారను మోగిస్తూ నేరుగా ఆస్పత్రి గుమ్మంలోకి పోనివ్వడం. నేను ఏమీ రాసుకోలేదు, విన్నాను. వినడం కూడా పనేనని అప్పటిదాకా నాకు తెలీదు.

మాటల్లో ఆయనే అన్నారు. "మాకు మెడికల్ ఉండేదబ్బాయ్. దాని ముందు రోజు రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. అన్‌ఫిట్ అని ఒక్క మాట రాస్తే స్టీరింగు పోద్ది. ఇద్దరు పిల్లల చదువులు. అందుకని ఎవరేం అడిగినా 'లేదండి'. అదే అలవాటైపోయింది. మొన్న ఆ డాక్టరు అడిగినా నోట్లోంచి అదే వచ్చింది."

నేను బ్యాగు తెరిచి సాక్సులోంచి ఇన్‌హేలరు తీసి చూపించాను. "నేనూ అంతేనండి. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి పెద్దగా నవ్వారు. "నువ్వూ మా బాపతేనా!" నవ్వు అయ్యాక కాసేపు వంతెన వైపు చూశారు. "అయితే ఒకటి చెప్తాను. ఇంట్లో అనకు. మెట్లెక్కితే గ్యాసు పడుతోంది."

"ఎక్కడ బాబాయ్ గారూ?"

అరచెయ్యి ఛాతీ మధ్యలో పెట్టారు. "ఇక్కడ. రాయి పెట్టినట్టు. ఆగితే రెండు మూడు నిమిషాల్లో పోద్ది. మూడు నెలల్నుంచి. గ్యాసు మందు తాగుతూనే ఉన్నాను."

మొదటి రోజు తలుపు దగ్గర గోడ పట్టుకుని ఎందుకు నిలబడ్డారో అప్పుడు తెలిసింది.

మన ఇళ్ళల్లో ఛాతీలో ఏం జరిగినా దాని పేరు గ్యాసే. "ఛాతీ నొప్పి ఉందా?" అంటే ఆయన 'లేదు' అన్నది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆయన దృష్టిలో అది నొప్పి కాదు. బరువు. గ్యాసు. ప్రశ్న ఒక భాషలో ఉంది, ఆయన బాధ ఇంకో భాషలో ఉంది. శ్రమ పడితే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బరువుని మాత్రం ఎవరూ గ్యాసు అని వదిలెయ్యకూడదని అప్పటికి చదివి ఉన్నాను. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నా సరే ఇలాంటిది ఉండొచ్చని కూడా.

ఇది ఫలానా జబ్బు అని చెప్పడం ట్రైనర్ పని కాదు. నేను చెప్పలేదు. "బాబాయ్ గారూ, ఇవాళ కసరత్తు వద్దు. ఇది డాక్టరుకి చెప్పాకే," అన్నాను.

మొహం మారిపోయింది. "అంటే నన్ను అన్‌ఫిట్ అంటున్నావా?"

"కాదండి. మీ కుర్చీ మీకే ఉంటుంది. చూపించుకుని రండి, నేనూ వస్తాను."

జేబులోంచి కాగితం తీసి వెనకవైపు ఆయన చెప్పింది చెప్పినట్టే తెలుగులో రాశాను. మెట్లెక్కితే ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు బరువు, ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతోంది, మూడు నెలలుగా, ఈయన దీన్ని గ్యాసు అంటున్నారు. చదివి వినిపించాను. "ఇది డాక్టరుకి ఇవ్వండి. మీరు నోరు తెరిచి చెప్పక్కర్లేదు," అన్నాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపు చూసి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఆ డాక్టరుగారు చీటీ చదివి వెంటనే గుండె డాక్టరు దగ్గరికి పంపించారు. పరీక్షలు చేశారు. తర్వాత యాంజియోగ్రామ్. గుండె రక్తనాళం ఒకటి బాగా పూడుకుపోయి ఉంది. స్టెంట్ వేశారు. ఆ వారం నేను క్లాసులకి వెళ్ళాను గానీ ఏం విన్నానో తెలీదు. లెగ్ ప్రెస్ దగ్గర "ఇంకో రెండు" అన్న నా గొంతే వినపడేది. ఆ రెంటిలో ఏదో ఒకదాని దగ్గర ఆయన గుండె ఆగిపోయి ఉంటే?

ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే నేను ఆ ఫారాన్ని తెలుగులోకి తెచ్చాను. అనువాదం అనను. మా నాన్న, పక్కింటి మామ్మ, హాస్టల్ వంట మాస్టారు ఎలా చెప్పుకుంటారో ఆ మాటల్లో రాశాను. మందుల షాపాయన కూర్చుని దిద్దారు. "వాళ్ళు ఏ మాటతో వచ్చి మందు అడుగుతారో ఆ మాట రాయవయ్యా," అన్నారు. 'మీకు రక్తపోటు ఉందా?' తీసేశాను. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళని ఆ ప్రశ్న అడిగితే "లేదు, నార్మల్‌గానే ఉంది" అంటారు. మాత్ర వల్లే నార్మల్‌గా ఉందని తట్టదు. దాని బదులు 'పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏమేం మాత్రలు వేసుకుంటారు? వీలైతే రేపు ఆ పట్టీలు తీసుకురండి' అని పెట్టాను. 'ఛాతీ నొప్పి' పక్కన బరువు, మంట, పట్టేసినట్టు, గ్యాసు అన్నీ చేర్చాను. 'మెట్లెక్కితే ఎన్నో మెట్టు దగ్గర ఆగుతారు?' 'ఎప్పుడన్నా కళ్ళు తిరిగి కూలబడ్డారా?' 'ఏ కీలు మీతో గొడవ పడుతోంది?' షుగరు ఉన్నవాళ్ళని ఇన్సులినా, మాత్రలా అని, ఆఖరున ఎప్పుడు తిన్నారని విడిగా అడుగుతాను. ఇన్సులిన్‌తో, కొన్ని రకాల మాత్రలతో కసరత్తు మధ్యలో షుగరు పడిపోవచ్చు. కౌంటర్లో గ్లూకోజు ప్యాకెట్ అందుకే ఉంటుంది. అన్నిటికంటే పైన, పేరు కింద రెండో గీతలో, 'మీకు ఏమన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?' గోడ మీద 108 పెద్దంకెల్లో రాసిపెట్టాం.

బీపీ చూడటం కూడా మళ్ళీ నేర్చుకున్నాను. మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టకూడదు. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అప్పుడే టీ తాగి ఉండకూడదు. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. రెండుసార్లు చూడాలి. ఆ అయిదు నిమిషాలు మొదట్లో నాకు దండగ అనిపించేవి. ఇప్పుడు మనిషి మనిషిగా దొరికేది అప్పుడే. కొలిచేలోపు వాళ్ళ ఊరేంటో, మోకాలు ఏ మెట్టు దగ్గర పట్టేస్తుందో, అసలు ఎందుకొచ్చారో అన్నీ చెప్పేస్తారు.

ఇవేవీ నలుగురిలో అడగను. ఫారాలు సొరుగులో పెట్టి తాళం వేస్తాం. ఆడవాళ్ళు వస్తే పొద్దుట బ్యాచ్ అక్క అడుగుతుంది. ఒకావిడతో ఆవిడ భర్త వచ్చి అన్ని ప్రశ్నలకీ ఆయనే జవాబు చెప్తుంటే, అక్క ఆయన్ని మంచినీళ్ళ బాటిల్ తెమ్మని కిందికి పంపింది. ఆయన మెట్లు దిగేలోపు ఆవిడ నోట్లోంచి మూడు 'అవును'లు వచ్చాయట. మా ఓనరన్నకి మొదట్లో చిరాకు. ఒక్కొక్కరికి అరగంటేంటి, బేరం పోతుందన్నాడు. పోలేదు. వాళ్ళు ఇంట్లోవాళ్ళని కూడా తీసుకొస్తున్నారు.

కార్తీకంలో బాబాయ్ గారు తిరిగొచ్చారు. మొదటి వారాలు ఆస్పత్రిలోనే ఫిజియోథెరపిస్టు దగ్గర నడిచారు. ఎంతవరకు చెయ్యొచ్చో, ఏమనిపిస్తే ఆపాలో గుండె డాక్టరు కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం దాటి నేను ఒక్క అడుగు వెయ్యించలేదు. 220లోంచి వయసు తీసేసి నాడి లెక్క కట్టే సూత్రం ఒకటుంది, జిమ్ముల్లో అందరూ చెప్తారు. బీటా బ్లాకర్ వాడేవాళ్ళకి అది పనికిరాదు, గుండె ఆ అంకె దాకా వెళ్ళదు. మరి శ్రమ ఎంతో ఎలా తెలియాలి? మాటని బట్టి. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉంటే చాలు.

మా మీటరు బెజవాడ రూటు. ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ ఆయన స్టాపులు చెప్పేవారు. "రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం..." ఒక్క ఊపిరిలో మూడు స్టాపులొస్తే బండి బాగున్నట్టు. ఒక్కో స్టాపుకీ ఊపిరి తీసుకుంటుంటే వేగం తగ్గించేవాణ్ణి. "ఏలూరులో ఆపాను, టీ తాగనీ," అనేవారు. హనుమాన్ జంక్షన్, గన్నవరం, బెజవాడ. దిగేముందు అయిదు నిమిషాలు నెమ్మది నడక. తర్వాత కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. ఆయన "రైట్ రైట్" అంటూ లేచేవారు. ఆ మాట అనాలంటే ఊపిరి వదలక తప్పదు కదా! ఇప్పుడు మా జిమ్‌లో ముసలీ ముతకా అంతా అలాగే లేస్తున్నారు.

ఒక రోజు కాలేజీ ఆఫీసుకి వెళ్ళి నా ఆరోగ్యం ఫారం అడిగి తీసుకున్నాను. 'లేదు' కొట్టేసి 'ఆస్తమా, ఇన్‌హేలరు వాడతాను' అని రాశాను. మా పీడీ సారు చూసి, "ముందే చెప్పొచ్చు కదరా, ఆటకి ముందు పీల్చుకుని దిగుదువు," అన్నారు. అంతే. టీములోంచి తియ్యలేదు. రెండేళ్ళు బాత్రూముల్లో దాక్కున్నది దీనికోసమా అనిపించింది. డాక్టరు కూడా అదే చెప్పారు, ఆటకి పావుగంట ముందు. ఇప్పుడు ఇన్‌హేలరు సాక్సులో లేదు, బ్యాగు బయట జేబులో ఉంటుంది. మా రూములో అందరికీ అది ఎక్కడుందో తెలుసు.

మాఘంలో పెళ్ళి జరిగింది. నేనూ వెళ్ళాను. బాబాయ్ గారు పట్టుపంచె కట్టుకుని పీటల మీద కూర్చున్నారు, బాసింపట్టు వేసుకునే. పంతులుగారు మంత్రాలు సాగదీస్తుంటే నేను చెమటలు పట్టి చూస్తున్నాను. కన్యాదానం అయ్యింది. లేవాలి. చుట్టూ అన్నదమ్ములు, బావమరుదులు అంతమంది ఉన్నారు. ఆయన తల తిప్పి జనంలో వెతికి నన్ను పట్టుకున్నారు.

"ఒరేయ్ అబ్బాయ్, మోకాళ్ళు పట్టేశాయి. లేవలేను. చెయ్యి ఇవ్వు," అన్నారు అందరూ వింటుండగా, పెద్ద గొంతుతో.

నేను వెళ్ళి చెయ్యి ఇచ్చాను. "రైట్ రైట్," అంటూ లేచారు.